08 తర్వాత 19 ఎందుకొస్తోంది?

ప్రశ్న: ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. ల్యాబ్‌లో జైలింక్స్ కంపెనీ చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఐఎస్‌ఈలో స్కీమాటిక్ (సర్క్యూట్ బొమ్మ) గీసి, లైబ్రరీలోని సీడీ4సీఈ కౌంటర్లు రెండు పెట్టి సెకన్ల కౌంటర్ చేశాం. ఒకట్ల కౌంటర్ టీసీ (టెర్మినల్ కౌంట్, అంకె 9కి చేరిందని చెప్పే) పిన్నును పదుల కౌంటర్ క్లాక్‌కి ఇచ్చాం. 08 తర్వాత 09 బదులు 19 వచ్చి, ఆ తర్వాత 10 వస్తోంది. స్కీమాటిక్ టైమ్ వేస్ట్, సర్క్యూట్‌ను కోడ్‌గా రాసే వెరిలాగ్ భాష నేర్చుకో అంటున్నారు సీనియర్లు. నాకు వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) ఉద్యోగమే కావాలి. ఏం చేయమంటారు?

జవాబు: వెరిలాగ్ నేర్చుకోమనడం వరకు మీ సీనియర్ల మాట వినండి. ఐఎస్‌ఈ చివరి వెర్షన్ 14.7 వచ్చింది 2013లో. దాని స్థానంలో జైలింక్సే తెచ్చిన వివాడోలో గేట్లు, ఫ్లిప్‌ఫ్లాప్‌లు (ఒక్కో బిట్ దాచుకునేవి) పెట్టి స్కీమాటిక్ గీసే వీలే లేదు. కాబట్టి రెజ్యూమెలో ‘స్కీమాటిక్ డిజైన్’ అని రాసుకుంటే ఉద్యోగం రాదు. కానీ మీకొచ్చిన ఆ 19ని మాత్రం వదిలిపెట్టకండి. దాని సంగతి తేల్చాకే ముందుకెళ్లండి.

సీడీ4సీఈ 0 నుంచి 9 దాకా లెక్కపెట్టే బీసీడీ కౌంటర్. ఒకట్ల అంకె 9 అయిన క్షణంలోనే టీసీ పైకి లేస్తుంది. మీరు దాన్నే క్లాక్‌గా ఇచ్చారు కనుక, పదుల కౌంటర్ ఆ అంచు చూసి అప్పుడే 1కి వెళ్లిపోయింది. అందుకే 19. మరుసటి సెకనులో ఒకట్లు 0 అవుతాయి, పదుల్లో 1 ముందే ఉంది కనుక 10 సరిగ్గానే కనిపిస్తుంది. మళ్లీ 18 తర్వాత 29 వస్తుంది, చూడండి.

రెండు కౌంటర్లకూ ఒకే క్లాక్ ఇవ్వండి. ఒకట్ల కౌంటర్ సీఈఓ (క్లాక్ ఎనేబుల్ అవుట్‌పుట్) పిన్నును పదుల కౌంటర్ సీఈకి (క్లాక్ ఎనేబుల్, ఇది పైన ఉన్నప్పుడే కౌంటర్ కదులుతుంది) కలపండి. టీసీ ఉండగా సీఈఓ ఎందుకని చాలామంది అడుగుతారు. బోర్డు క్లాక్ 50 మెగాహెర్ట్జ్ అనుకోండి. ఒకట్ల కౌంటర్ సీఈకి సెకనుకొక్కసారి, ఒక్క క్లాక్ పాటు పల్స్ ఇస్తున్నారు. అంకె 9 మీద ఉన్నంతసేపూ, అంటే పూర్తి సెకనుపాటు, టీసీ పైనే ఉంటుంది. దాన్ని పదుల సీఈకి ఇస్తే ఆ ఒక్క సెకనులో అది 5 కోట్లసార్లు ముందుకు కదులుతుంది! సీఈఓ అంటే టీసీ, సీఈలను ఆండ్ చేసిన (రెండూ పైన ఉంటేనే పైకి లేచే) సిగ్నల్. అది ఒక్క క్లాక్ పాటే ఉంటుంది, పదులు ఒక్క అడుగే వేస్తాయి.

ఇదంతా స్కీమాటిక్‌తో పోయే విషయం కాదు. వెరిలాగ్‌లో కొత్తగా రాసేవాళ్లు టీసీని పోజెడ్జ్‌లో (సిగ్నల్ పైకి లేచే అంచున పనిచేయమని చెప్పే పదం) పెట్టి సరిగ్గా ఇదే తప్పు చేస్తారు. అక్కడ తీగ కళ్లెదుట ఉండదు కాబట్టి పట్టుకోవడం ఇంకా కష్టం. పైగా మీరు రాసిన కోడ్ చివరికి లైబ్రరీ ఎలిమెంట్లుగానే (చిప్‌లో సిద్ధంగా ఉండే భాగాలు) మారుతుంది. వివాడోలో సింథసిస్ (కోడ్‌ను సర్క్యూట్‌గా మార్చడం) అయ్యాక అదే గీసిచ్చే స్కీమాటిక్ తెరిచి చూడండి: ఎల్‌యూటీలు (లాజిక్ పట్టికలు), ఎఫ్‌డీఆర్‌ఈ, ఎఫ్‌డీసీఈ అనే ఫ్లిప్‌ఫ్లాప్‌లు కనిపిస్తాయి. ఎఫ్‌డీఆర్‌ఈలో ఉండేది క్లాక్‌తో పాటు జరిగే రీసెట్, ఎఫ్‌డీసీఈలో ఉండేది క్లాక్ కోసం ఆగని క్లియర్. మీరు అనుకున్నది ఒకటి, అక్కడున్నది మరొకటి అయితే తప్పు మీ కోడ్‌లోనే ఉంది. ఈ చూపు అలవడినవాళ్లు క్లాక్ గేటింగ్, సెటప్, హోల్డ్ లాంటి క్లాక్ మీది ప్రశ్నలకు బట్టీ పట్టకుండానే జవాబు చెప్పగలరని నా గట్టి నమ్మకం.

అలాగని కోడ్ నిండా లైబ్రరీ ఎలిమెంట్లను పేరుపెట్టి పిలవకండి. ఆ కోడ్ వేరే కంపెనీ చిప్‌కి పనికిరాదు. క్లాక్ బఫర్ బీయూఎఫ్‌జీ, డిఫరెన్షియల్ ఇన్‌పుట్ బఫర్ లాంటివి తప్పనిసరైన చోట మాత్రం వాడండి.

జైలింక్స్‌ను 2022లో కొన్న ఏఎమ్‌డీకి హైదరాబాద్‌లో పెద్ద కేంద్రమే ఉంది. అలాంటి చోట ఆర్‌టీఎల్ డిజైన్‌కు (సర్క్యూట్ కోడ్ రాసే పనికి) వెళ్లాలనుకుంటే వెరిలాగ్ మీద, వెరిఫికేషన్‌కైతే (ఆ కోడ్‌ను పరీక్షించే పనికైతే) సిస్టమ్ వెరిలాగ్ మీద పట్టు కావాలి.

ముందు ఆ టీసీ తీగ తీసేసి 09 తెప్పించండి. అదే కౌంటర్‌ను ఒక్క క్లాక్‌తో వెరిలాగ్‌లో రాసి, టెస్ట్‌బెంచ్ (పరీక్షించే కోడ్) పెట్టి 59 తర్వాత 00 వచ్చేదాకా నడపండి. సింథసిస్ స్కీమాటిక్‌లో సీఈ పిన్నుకు ఏం వచ్చి చేరిందో వెతికి చూడండి. రెజ్యూమెలో ఈ ప్రాజెక్టు రాసేటప్పుడు 19 కథ కూడా రెండు వాక్యాల్లో రాయండి, ఇంటర్వ్యూలో దాన్నే అడుగుతారు.