జెనెటిక్ కౌన్సెలింగ్ చదువుతానంటున్న అమ్మాయి

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి. మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరంలో ఉంది. మా అమ్మ అండాశయ క్యాన్సరుతో పోయారు, మా చెల్లెలికి 38 ఏళ్లకే రొమ్ము క్యాన్సరు వచ్చింది. అప్పటినుంచి అమ్మాయి జెనెటిక్ కౌన్సెలింగ్ చదువుతానంటోంది. ఉద్యోగాలుంటాయా? ఇవి ఆడవాళ్ల జబ్బులు కనుక నా వైపునుంచి తనకు రావు కదా?

జవాబు: రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, వంశంలో దిగే జబ్బుల గురించి కుటుంబాలకు ఇలా వివరించి సలహా చెప్పడమే జెనెటిక్ కౌన్సెలింగ్, మీ అమ్మాయి రేపు చేయబోయే పని అదే కనుక. రొమ్ము, అండాశయ క్యాన్సర్లు వంశంలో దిగడానికి ఎక్కువగా కారణమయ్యే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువులు వరుసగా 17, 13 క్రోమోజోములపై ఉంటాయే గాని లింగాన్ని నిర్ణయించే క్రోమోజోములపై కాదు. అందువల్ల ఆ జన్యువుల్లోని లోపం తండ్రినుంచి కూడా కూతురికి రావచ్చు. మీ చెల్లెలికి పరీక్షలో అది బయటపడితే, మీకు ఉండే అవకాశం సగం, మీ అమ్మాయికి అందులో సగం. మీకు లేదని తేలితే మీ ద్వారా ఆమెకు వచ్చే ప్రసక్తే ఉండదు. కాబట్టి పరీక్ష జబ్బు వచ్చిన మీ చెల్లెలితో మొదలై, తర్వాత మీకు, ఆ తర్వాతే అవసరమైతే అమ్మాయికి జరగాలి. మొత్తం క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. ఉద్దానంలో ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి కిడ్నీ జబ్బు వచ్చినంత మాత్రాన అది జన్యువుల వల్లేనని తేల్చలేనట్టే, ఇక్కడా తొందరపడి తీర్పు చెప్పకూడదు.

ఈ వృత్తిలో ప్రధానమైన పనిముట్టు మూడు తరాల వంశవృక్షం. మగవారికి చదరం, ఆడవారికి వృత్తం, జబ్బు వచ్చినవారి గుర్తును నల్లగా నింపడం, మేనరికానికి జంట గీత. మన వైపు జంట గీతలు కాస్త ఎక్కువే గీయాల్సి వస్తుంది. గీయడం సులువే, అడిగి తెలుసుకోవడమే కష్టం. "హుద్‌హుద్ తుపానుకు ముందు ఏడాది గర్భసంచి తీయించేశారు" అని ఒక పెద్దావిడ చెబితే, అది 2013 అని లెక్కగట్టి, అప్పటికి ఆవిడ వయసెంత, ఎందుకు తీశారు, అండాశయాలు కూడా తీశారా అని నొప్పించకుండా రాబట్టాలి, ఎందుకంటే అవి ముందే తీసేసిన ఇంట్లో అండాశయ క్యాన్సరు కనబడకపోయినా వంశంలో లోపం లేదని చెప్పలేం.

చదువు విషయానికొస్తే, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ హ్యూమన్ జెనెటిక్స్ విభాగంలో ఎమ్మెస్సీ దగ్గరి దారి. మణిపాల్ వంటి చోట్ల జెనెటిక్ కౌన్సెలింగ్ పేరుతోనే రెండేళ్ల ఎమ్మెస్సీ ఉంది, రోగులతో మాట్లాడే శిక్షణ అందులో ఎక్కువ కనుక నా మొగ్గు దానివైపే. ఉద్యోగాలు మాత్రం తక్కువ. అవి కూడా పెద్ద నగరాల క్యాన్సరు ఆసుపత్రులలో, జన్యు పరీక్షల ల్యాబులలో ఉంటాయి కనుక, సొంత జిల్లాలోనే కొలువు కావాలంటే ఈ దారి వద్దనే చెబుతాను.

దరఖాస్తుకు ముందు ఒక పని చేయించండి. సిరిమానోత్సవానికి చుట్టాలంతా చేరినప్పుడు, నలుగురిలో కాకుండా మేనత్త పక్కన విడిగా కూర్చుని, ఆమె ఒప్పుకుంటేనే మీ వంశవృక్షం గీయమనండి. ఆ కాగితాన్ని పెళ్లి సంబంధాల మాటల్లోకి మీరు రానివ్వకండి.