తేదీ ప్రకటించే ముందు

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

నీ మొదటి సినిమా సెన్సారుకు వెళుతోందని మీ అమ్మ చెప్పగానే ఆనందంతో కళ్లు చెమర్చాయి. విడుదల తేదీ అప్పుడే ప్రకటించావని విన్నాక మాత్రం ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సెన్సారు సర్టిఫికెట్‌కు దరఖాస్తు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే కనుక ఆ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. సినిమా చూసిన సెన్సారు కమిటీ సభ్యులు ఎవరి అభిప్రాయం వారు రాసి ఇస్తారు. ఏదో ఒక దృశ్యాన్ని విడదీసి కాక, మొత్తం సినిమా కలిగించే ప్రభావాన్ని బట్టి తీర్పు చెప్పాలని 1991 నాటి మార్గదర్శకాలు అంటాయి. పెద్దల మార్గదర్శకత్వంలో పిల్లలు చూడదగ్గ సినిమాలకిచ్చే 'యూఏ' సర్టిఫికెట్ 2023 చట్ట సవరణతో 7, 13, 16 ఏళ్లు పైబడిన వారికని మూడుగా విడిపోయింది. ఆ వయసులు తల్లిదండ్రులకు సూచనలు మాత్రమే. పెద్దలకు మాత్రమే అనే 'ఏ' వస్తే 18 ఏళ్లలోపు వారికి హాల్లో ప్రవేశమే ఉండదు.

1992లో నేను తీసిన చిన్న సినిమాలో బాలనటి మీ అమ్మే. అప్పటికి తనకు తొమ్మిదేళ్లు. తండ్రిని నరుకుతుంటే కూతురు చూస్తూ నిలబడే దృశ్యం అందులో ఉంది. పిల్లలను హింసకు బలవంతపు సాక్షులుగా అనవసరంగా చూపరాదని మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉన్నా నేను చదవలేదు. ఆ దృశ్యం నిడివి తగ్గిస్తే యూఏ ఇస్తామని బోర్డు వాళ్లన్నారు. కానీ నేను శుక్రవారానికి థియేటర్లు మాట్లాడుకుని, అప్పు తెచ్చి, పోస్టర్లు కూడా అంటించేశాను. మళ్లీ కత్తిరించి ప్రింట్లు తీయించడానికి గాని, సినిమాను మరోసారి చూసి తేల్చే రివైజింగ్ కమిటీకి వెళ్లడానికి గాని వ్యవధి లేక 'ఏ'కే ఒప్పుకున్నాను. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మొదటి ఆటకు కొత్త పరికిణీ కట్టుకుని వచ్చిన పిల్లను గేటు దగ్గరే ఆపేశారు. ఆపినవాడి తప్పేమీ లేదు. తన బొమ్మ ఉన్న పోస్టరు కింద నిలబడి, "పెదనాన్నా, అందులో ఉన్నది నేనే కదా?" అని అడిగింది. ఆ పూట నేనూ లోపలికి వెళ్లలేకపోయాను.

నీ కథ పదో తరగతి పిల్లలదట, తరగతి గదిలో పిల్లవాణ్ణి కొట్టే దృశ్యం ఉందట. ఆ వయసు వాళ్లు చూడాలనే కదా తీశావు! అది కథకు ఎందుకు అవసరమో ముందే కాగితం మీద రాసి పెట్టుకో. కోత అడిగితే మొత్తం తీసేయకుండా నిడివి తగ్గించి చూపిస్తానని మర్యాదగా అడుగు. బోర్డు నిర్ణయాలపై అప్పీళ్లు వినే ట్రిబ్యునల్‌ను 2021లో రద్దు చేశారు, రివైజింగ్ కమిటీ దాటితే ఇక హైకోర్టే. అక్కడి వాయిదాలు నీ శుక్రవారం కోసం ఆగవు తల్లీ. సర్టిఫికెట్ వచ్చాక ఒక్క షాటు మార్చినా బోర్డుకు తెలియజేయాలి.

పోస్టర్లు అచ్చుకు వెళ్లకపోతే ఈరోజే ఆపించు. ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకుని మా ఇంటికి రా, ఆ దృశ్యం ఇద్దరం కలిసి చూద్దాం.

నీ
తాతయ్య