దుర్గాబాయి దేశ్‌ముఖ్ కేంద్ర మంత్రిగా పనిచేశారా?

లేదు, దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఎన్నడూ కేంద్ర మంత్రి కాలేదు. 1952 ఎన్నికల్లో ఓడిపోయారు. ఆ తర్వాత నెహ్రూ ఆమెను ప్రణాళికా సంఘం సభ్యురాలిగా నియమించారు. అది నియామక పదవి, మంత్రి పదవి కాదు.

అసలు ఆమె ముద్ర చూడాలంటే రాజ్యాంగ సభకే వెళ్లాలి. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి, ఆ తర్వాత మద్రాసులో న్యాయశాస్త్రం చదివి వకీలైన ఈ రాజమండ్రి మహిళ అక్కడ ముసాయిదాను క్షుణ్ణంగా చదివి సవరణలు తెచ్చేవారు. ఉదాహరణకు, రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు 35 కాకుండా 30 ఏళ్లుండాలని ప్రతిపాదించారు. నేటికీ అదే నిబంధన.

ఆర్థిక మంత్రిగా ఉన్నది ఆమె భర్త చింతామణి దేశ్‌ముఖ్. ఇంటిపేరు ఒకటే కావడంతో చాలామంది పొరబడతారు. 1953లో వారి పెళ్లి నాటికే ఆమె ప్రణాళికా సంఘంలో ఉన్నారు.