చదివింది బుర్రకెక్కడం లేదు

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు. ఏడాది క్రితం సైకోసిస్ (లేని మాటలు వినిపించడం, భ్రమలు కలగడం లాంటివి ఉండే మానసిక జబ్బు) వచ్చింది. మందులతో చెవిలో మాటలు ఆగాయి గానీ, ఒకే పేజీ పదిసార్లు చదువుతున్నాడు. కొట్టు నుంచి నాలుగు వస్తువులు తెమ్మంటే రెండే తెస్తాడు. బద్ధకమని వాళ్ల నాన్న తిడుతున్నారు.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, అది బద్ధకం కాదు. ఈ జబ్బు ధ్యాసనీ, జ్ఞాపకాన్నీ కూడా దెబ్బతీస్తుంది. మందులు భ్రమల్ని తగ్గించినంతగా దీన్ని తగ్గించవు. వాళ్ల నాన్నకు ఈ ముక్క చదివి వినిపించండి.

ముందు డాక్టర్ రాసిన మందుల చీటీ చూడండి. ఈ జబ్బు మందుల వల్ల వచ్చే చేతుల వణుకు తగ్గడానికి ట్రైహెక్సిఫెనిడిల్ అనే మాత్ర ఇస్తున్నారా? అది మతిమరుపు పెంచగలదు. తగ్గించవచ్చేమో డాక్టర్ని అడగండి, మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. గంజాయి అలవాటు ఉందేమో కూడా మెల్లగా కనుక్కోండి.

ధ్యాస, జ్ఞాపకం మెరుగుపడేందుకు కాగ్నిటివ్ రెమెడియేషన్ అనే శిక్షణ ఉంది. ఫోన్‌లో ఆడే మెదడు ఆటలతో సరిపెడితే లాభం తక్కువ. థెరపిస్టు పక్కన కూర్చుని, నేర్చుకున్న కిటుకుని ఇంటి పనికి ఎలా వాడాలో చూపించాలి. నా దగ్గరికొచ్చే ఒక కుర్రాడు చొక్కా జేబులో చీటీ పెట్టుకుంటాడు, ఒక్కో వస్తువు సంచీలో పడగానే పెన్నుతో కొట్టేస్తాడు. చదువూ అంతే: పావుగంట చదివి, పుస్తకం మూసి, రెండు ముక్కలు మీకు చెప్పమనండి. ఆయాసం వచ్చేలా నడక, సైకిలూ ఉపయోగపడతాయి.

దగ్గర్లో ఈ సేవలెక్కడో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే అడగండి.