నీళ్ళు మానేస్తే మూత్రం ఆగుతుందా?

ప్రశ్న: నేను చెన్నై త్యాగరాయనగర్‌లో ఒక చీరల దుకాణంలో పనిచేస్తున్నాను. మరుగుదొడ్డి పై అంతస్తులో ఉంది. బేరాలు జోరుగా ఉన్న వేళ వెళ్ళడం కుదరదు కనుక మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు ముట్టను. సాయంత్రానికి మూత్రం ముదురు పసుపు రంగులో, మంటగా వస్తోంది. ఆపుకున్న మూత్రం తిరిగి కిడ్నీల్లోకి ఎక్కి అక్కడే నిలిచిపోతుందని పక్కింటి అక్క అంటోంది. నిజమేనా?
— ఒక పాఠకురాలు, పశ్చిమ మాంబళం

జవాబు: మీ పక్కింటావిడ భయంలో నిజం కొంతే ఉంది. అంతకంటే పెద్ద పొరపాటు మీ ఉపాయంలో ఉంది. మూత్రం తయారయ్యే చోటు వేరు, నిలవ ఉండే చోటు వేరు. మీరు ఆపుకోగలిగేది రెండో చోటనే. మొదటి చోట పని రాత్రింబవళ్ళు సాగుతూనే ఉంటుంది.

నడుముకు కాస్త పైన, వెన్నెముకకు చెరొక పక్క, చిక్కుడు గింజ ఆకారంలో ఉండే మూత్రపిండాలు ఒక్కొక్కటి 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవుంటాయి. పైన కాలేయం ఉన్నందున కుడివైపుది కొద్దిగా కిందికి ఉంటుంది. ఇంత చిన్న అవయవాలకు, మనం విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె పంపే రక్తంలో సుమారు ఐదో వంతు అందుతుంది. ఒక్కొక్క దానిలో రక్తాన్ని వడకట్టే దాదాపు 10 లక్షల సూక్ష్మ విభాగాలు, అంటే నెఫ్రాన్లు, ఉంటాయి. ప్రతి నెఫ్రాన్ మొదట్లో ఉండే కేశనాళికల (వెంట్రుకంత సన్నని రక్తనాళాల) గుచ్ఛంలో రక్తం వడకట్టబడి, రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం దిగుతుంది. మన ఇళ్ళకు వచ్చే 20 లీటర్ల నీళ్ళ క్యాన్లతో లెక్కవేస్తే తొమ్మిది క్యాన్లు! అందులో 99 శాతాన్ని నెఫ్రాన్లలోని సన్నని గొట్టాలైన నాళికలు తిరిగి రక్తంలోకి పీల్చుకోగా, మిగిలిన ఒకటి రెండు లీటర్లే మూత్రమవుతుంది.

నీళ్ళు తగ్గితే రక్తం చిక్కబడిందని మెదడు గుర్తించి, పిట్యూటరీ గ్రంథి ద్వారా ఒక హార్మోనును విడుదల చేయిస్తుంది. దాని ప్రభావంతో నాళికలు మరింత నీటిని వెనక్కి తీసుకుంటాయి. అయినా యూరియా వంటి వ్యర్థాలను బయటికి పంపడానికి రోజుకు కనీసం అర లీటరు మూత్రం కావలసిందే. అంటే నీళ్ళు మానినంత మాత్రాన మూత్రం ఆగదు, చిక్కబడుతుంది. రంగునిచ్చే పదార్థం అంతే ఉండి నీరు తగ్గడం వల్లనే మీకు ఆ ముదురు పసుపు కనిపిస్తోంది. పైగా చెన్నై ఉక్కలో, ఎండలోకి వెళ్ళకపోయినా, చెమట రూపంలో పోయే నీరు తక్కువేమీ కాదు. చిక్కని మూత్రంలో లవణాలు స్ఫటికాలుగా మారి రాళ్ళకు దారితీస్తాయి.

ఇక ఆపుకోవడం సంగతి. మూత్రపిండాల నుంచి 25–30 సెంటీమీటర్ల మూత్రనాళాలు అలలు అలలుగా ముడుచుకుంటూ మూత్రాన్ని కిందికి నెడతాయి. ఇవి మూత్రాశయపు గోడలోకి ఏటవాలుగా దూరుతాయి కనుక, ఆశయం నిండినకొద్దీ ఆ ఒత్తిడికి వాటి మొనలు మూసుకుపోతాయి. అందువల్ల ఆరోగ్యంగా ఉన్నవారిలో మూత్రం సాధారణంగా వెనక్కి ఎక్కదు. పుట్టుకతో ఈ అమరికలో లోపమున్నవారిలో, కింద అడ్డంకి ఏర్పడినవారిలో ఎక్కవచ్చు. మూత్రాశయంలో 400 నుంచి 500 మిల్లీలీటర్లు పడతాయి కానీ, 150–200 చేరేసరికే వెళ్ళాలనిపించడం మొదలవుతుంది.

మీ విషయంలో నేను ఎక్కువగా అనుమానించేది ఇన్‌ఫెక్షన్‌ను. మూత్రాశయం నుంచి బయటికి తెరుచుకునే మూత్రమార్గం స్త్రీలలో 4 సెంటీమీటర్లే, పురుషులలో సుమారు 20. బాక్టీరియా లోపలికి చేరడానికి మీ దారి చాలా దగ్గర. వెళ్ళిన ప్రతిసారీ వాటిని కడిగివేసే ధారను మీరు గంటల తరబడి ఆపుతున్నారు. వెంటనే మూత్రపరీక్ష చేయించుకోండి. నీటిని కొద్దికొద్దిగా తాగుతూ, మూడు నాలుగు గంటలకొకసారి తప్పక వెళ్ళండి. దుకాణాల సిబ్బందికి కుర్చీలు వేయాలని తమిళనాడు 2021లో చట్టాన్ని సవరించింది; కూర్చోవడానికి చట్టం కావలసివచ్చిన చోట, దీనికి మీరు నోరు తెరిచి అడగక తప్పదు.

ప్రశ్న: ఎడమ మూత్రనాళంలో 4 మిల్లీమీటర్ల రాయి ఉందని స్కాన్‌లో తేలింది. తమిళ మిత్రులు అరటి దూట రసం తాగితే కరిగిపోతుందంటున్నారు. తాగవచ్చునా?
— ఒక పాఠకుడు, పెరంబూర్

జవాబు: అధికభాగం రాళ్ళు కాల్షియం ఆక్సలేటువి, అవి ఏ రసానికీ కరగవు. అయితే ఈ పరిమాణంలోని రాయి చాలామందిలో తనంతట తానే పడిపోతుంది, ఆ కీర్తి దూటకు దక్కుతుంది. మూత్రనాళం మూడుచోట్ల ఇరుకవుతుంది: మూత్రపిండం వద్ద మొదలయ్యేచోట, కటివలయం (తుంటి ఎముకల వలయం) అంచు దాటేచోట, మూత్రాశయంలోకి దూరేచోట. రాయి చిక్కుకునేది సాధారణంగా అక్కడే. దాన్ని నెట్టడానికి నాళం బిగుసుకోవడంతో నడుము నుంచి గజ్జ దాకా మెలిపెట్టే నొప్పి వస్తుంది. మూత్రపిండాల జబ్బు లేకపోతే దూటను కూరగా నిశ్చింతగా తినండి, నీళ్ళు బాగా తాగండి, వైద్యులు చెప్పిన గడువుకు మళ్ళీ స్కాన్ తీయించుకోండి. నొప్పితోపాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా, తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.