2039 దాకా పేటెంట్ ఉందని కంపెనీ షేర్లు పట్టుకుని కూర్చోవచ్చా?

ప్రశ్న: నేను ఒక మందుల కంపెనీ సేల్స్ విభాగంలో పనిచేస్తున్నాను. ఏటా బోనస్‌తో పాటు కంపెనీ షేర్లు కూడా ఇస్తారు. ఇంతవరకు ఒక్కటీ అమ్మలేదు. మా పొదుపులో ఇప్పుడు దాదాపు 60 శాతం అవే. కంపెనీ ఆదాయంలో సగానికి పైగా ఒకే మందు నుంచి వస్తోంది. దానికి అమెరికాలో 2039 వరకు పేటెంట్ రక్షణ ఉందని ఇన్వెస్టర్లకు చూపించిన స్లైడులో ఉంది. మా అమ్మాయి కాలేజీ చదువు ఇంకో ఐదేళ్లలో మొదలవుతుంది. 2039 దాకా పోటీ రాదు కాబట్టి షేర్లు అలాగే ఉంచుకోవచ్చు కదా?

జవాబు: ఉంచుకోవద్దనే నా సలహా. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ 2039 సంగతి చూడాలి.

స్లైడులో రాసింది అబద్ధం కాకపోవచ్చు. కానీ ఒక మందుకు ఒకే పేటెంట్ ఉండదు. అసలు అణువు మీద ఒకటి, దాని స్ఫటిక రూపం మీద ఒకటి, మాత్రలో కలిపే పదార్థాల కూర్పు మీద ఇంకొకటి, ఫలానా జబ్బుకు వాడే పద్ధతి మీద మరొకటి, ఇలా వరసగా తీసుకుంటారు. కంపెనీలు స్లైడులో వేసేది సాధారణంగా ఆ వరసలో చివరి తేదీ. పేటెంట్ గడువు దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 20 ఏళ్లు. అణువు మీద దరఖాస్తు మందు ఇంకా ప్రయోగశాలలో ఉండగానే వేస్తారు కాబట్టి, అమ్మకాలు మొదలయ్యేసరికి అందులో చాలా ఏళ్లు కరిగిపోతాయి. పోయిన కాలానికి బదులుగా అమెరికాలో ఒక పేటెంట్‌కు గరిష్ఠంగా ఐదేళ్లు పొడిగింపు ఇస్తారు. అదీ మందు అమ్మకానికి అనుమతి వచ్చిన రోజు నుంచి మొత్తం 14 ఏళ్లు దాటకుండా. మీ మందు అణువు పేటెంట్ ఎప్పుడు ముగుస్తుందో ముందు కనుక్కోండి. అది 2031 అయితే, మిగతా ఎనిమిదేళ్లూ చిన్న పేటెంట్ల బలం మీద నడవాల్సిందే.

ఆ బలం ఎంతో తెలియాలంటే పేటెంట్ పత్రంలో చివరికి వెళ్లి, అంకెలు వేసి రాసిన క్లెయిములు చదవాలి. ముందున్న పేజీలన్నీ వివరణే. చట్టం రక్షించేది క్లెయిముల్లో ఉన్నదాన్నే. మొదటి క్లెయిము ‘ఫలానా అణువు, దాని లవణాలు’ అని ఉంటే, ఆ అణువు ఉన్న మాత్ర ఎవరు అమ్మినా దొరికిపోతారు. అదే ‘ఫలానా అణువు ఉండి, ఫలానా పూత 5 నుంచి 10 శాతం ఉన్న మాత్ర’ అని ఉందనుకోండి. పోటీ కంపెనీ వేరే రకం పూత వేసి, మా మాత్ర ఈ క్లెయిములోకి రాదని వాదిస్తుంది. క్లెయిములో రాసిన ప్రతి అంశమూ ఎదుటివాడి మాత్రలో ఉంటేనే ఉల్లంఘన. ఉన్నదానికి దాదాపు సమానమైనదాన్ని కూడా కోర్టులు కొన్నిసార్లు ఉల్లంఘన కిందే లెక్కిస్తాయి గానీ, దాని మీద ఆశ పెట్టుకుని డబ్బు పెట్టకూడదు. అంటే షరతులు ఎక్కువయ్యే కొద్దీ పక్కనుంచి తప్పించుకోవడం సులువు.

అలాగని పరిధి పెద్దదైతే నిశ్చింత అనుకోకండి. కొలెస్ట్రాల్ తగ్గించే యాంటీబాడీ మందుల మీద ఆమ్‌జెన్, సనోఫీ మధ్య నడిచిన కేసులో ఆమ్‌జెన్ పేటెంట్లు 26 యాంటీబాడీల నిర్మాణం వివరించి, అదే పని చేసే యాంటీబాడీలన్నీ మావేనన్నాయి. అడిగినంత మేర ఎలా తయారుచేయాలో చెప్పలేదంటూ 2023లో అమెరికా సుప్రీంకోర్టు ఆ క్లెయిములు చెల్లవని ఏకగ్రీవంగా తేల్చింది.

ఇక పోటీదారులు 2039 దాకా చేతులు కట్టుకుని కూర్చోరు. కొత్త అణువుతో వచ్చిన మందైతే, అనుమతి వచ్చిన నాలుగేళ్లకే జెనరిక్ కంపెనీ ‘మీ పేటెంట్ చెల్లదు, లేదా మా మాత్ర దాని కిందకు రాదు’ అంటూ దరఖాస్తు పెట్టొచ్చు. నోటీసు అందాక 45 రోజుల్లో దావా వేస్తే, జెనరిక్‌కు తుది అనుమతి మామూలుగా 30 నెలలు ఆగుతుంది. మొదట సవాలు చేసినవారికి 180 రోజులు మిగతా జెనరిక్‌ల పోటీ లేకుండా అమ్ముకునే అవకాశం ఉంటుంది. దానికోసం ఒకే రోజున చాలా కంపెనీలు దరఖాస్తులు పట్టుకుని క్యూ కడుతుంటాయి. ఈ గొడవల్లో చాలావాటికి తీర్పు రాదు, రాజీ కుదురుతుంది. క్యాన్సర్ మందు రెవ్లిమిడ్‌కు పేటెంట్లు 2027 దాకా ఉన్నా, నాట్కోతో కుదిరిన రాజీ ప్రకారం 2022 మార్చిలోనే జెనరిక్ అమెరికా మార్కెట్లోకి వచ్చింది, మొదట్లో పరిమితమైన మోతాదులోనే అయినా. కీళ్లవాతం మందు హ్యుమిరా కథ దీనికి వ్యతిరేకం. అసలు పేటెంట్ 2016లోనే ముగిసినా, తర్వాతి పేటెంట్ల గుట్టనూ రాజీలనూ అడ్డుపెట్టుకుని అబ్‌వీ అమెరికాలో 2023 జనవరి దాకా పోటీని ఆపగలిగింది. యూరప్‌లో మాత్రం 2018 అక్టోబరులోనే పోటీ మొదలైంది. కాబట్టి నిజమైన తేదీ స్లైడులో దొరకదు. వార్షిక నివేదికలో కోర్టు వ్యవహారాల భాగం చదివితే ఎవరు సవాలు చేశారు, ఎవరితో రాజీ అయింది, ఏ తేదీకి అయింది అన్న వివరాలు చాలావరకు దొరుకుతాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నడిపే ఆరెంజ్ బుక్‌లో మందు పేరు కొడితే పేటెంట్లు, గడువులు ఉచితంగా చూడొచ్చు. తయారీ పద్ధతి పేటెంట్లు అందులో ఉండవు. ఇంజెక్షన్‌గా ఇచ్చే యాంటీబాడీల్లాంటి జీవ ఔషధాలకు పర్పుల్ బుక్ వేరే ఉంది.

మీ ప్రశ్నలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టిన మాట ‘2039 దాకా పోటీ రాదు’ అన్నది. పేటెంట్ ఆపేది మీ మందును కాపీ కొట్టేవాళ్లనే. అదే జబ్బుకు వేరే అణువుతో వచ్చేవాళ్లను ఆపలేదు. హెపటైటిస్ సి మందులనే చూడండి. గిలియడ్ వారి సోవాల్డి 2013 డిసెంబరులో, హార్వోని 2014లో వచ్చాయి. పేటెంట్లకు ఢోకా లేదు, అమెరికాలో జెనరిక్ ఊసే లేదు. 2014 డిసెంబరులో అబ్‌వీ తన సొంత మందుతో దిగింది. అమెరికాలో బీమా తరఫున మందుల జాబితాలు నిర్ణయించే ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్ వెంటనే అటు మొగ్గింది. గిలియడ్ భారీగా తగ్గింపులు ఇవ్వాల్సి వచ్చింది. దానికి తోడు కొన్ని వారాల్లో జబ్బే నయమైపోయే మందు కాబట్టి రోగుల సంఖ్య కూడా తగ్గుతూ వచ్చింది. 2015లో దాదాపు 1,900 కోట్ల డాలర్లున్న ఆ మందుల అమ్మకాలు 2017 నాటికి సుమారు 900 కోట్లకు పడ్డాయి. పేటెంట్ పత్రంలో ఒక్క అక్షరం మారలేదు. మీరు సేల్స్‌లో ఉన్నారు కాబట్టి, మీ డాక్టర్లు ఏ కొత్త మందు గురించి అడుగుతున్నారో మీకు తెలిసే ఉంటుంది.

అసలు పేటెంట్ పోయాక పడిపోవడం ఎంత వేగంగా ఉంటుందంటే, ఫైజర్ కొలెస్ట్రాల్ మందు లిపిటార్ 2010లో వెయ్యి కోట్ల డాలర్లకు పైగా అమ్ముడైంది. 2011 నవంబరులో జెనరిక్ దిగింది. 2012లో అమ్మకాలు 400 కోట్ల లోపే. షేరు ధర మాత్రం అంతదాకా ఆగదు. వచ్చే నష్టాన్ని మార్కెట్ ఏళ్ల ముందే లెక్కగట్టడం మొదలుపెడుతుంది. మీరు 2038లో తీరిగ్గా అమ్మేద్దామనుకుంటే అప్పటికి అమ్మాల్సిన ధర మిగలదు.

ఇంకో విషయం. మీ జీతం, బోనస్, పొదుపు మూడూ ఆ ఒక్క మందు మీదే ఉన్నాయి. అమ్మకాలు పడిపోతే కంపెనీలు ముందు కోత పెట్టేది సేల్స్ సిబ్బందికే. ఉద్యోగం, షేరు ఒకేసారి దెబ్బతింటే అమ్మాయి ఫీజుకు ఏం చేస్తారు? సొంత కంపెనీ షేర్లు పొదుపులో పది శాతం దాటకూడదన్నది నా లెక్క. ఇది చట్టమేమీ కాదు, కొందరు సలహాదారులు ఇరవై దాకా ఒప్పుకుంటారు. అరవైని మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

ఇకనుంచి చేతికొచ్చే షేర్లు వచ్చినవి వచ్చినట్టే అమ్మేయండి. పాతవాటిని రెండు మూడేళ్లలో విడతలుగా తగ్గించండి. మొదటి విడత డబ్బు అమ్మాయి చదువుకు, స్థిరమైన రాబడి ఇచ్చే వాటిలో పెట్టండి. మిగతాది వేర్వేరు రంగాల్లో పెట్టే ఫండ్లలో వేయండి. మరో మందుల కంపెనీ షేరు కొనడాన్ని వైవిధ్యం అనుకోవద్దు. ఏ విడతలో ఎంత అమ్మితే పన్ను తక్కువ పడుతుందో ముందే పన్ను సలహాదారుతో లెక్క వేయించుకోండి.

అమ్మేముందు మీ కంపెనీ నిబంధనలు చూడండి. ఉద్యోగులు షేర్లు అమ్మడానికి కొన్ని రోజులే అనుమతి ఉండొచ్చు. రాజీ చర్చల గురించో కోర్టు కేసు గురించో బయటికి రాని సమాచారం మీ చెవిన పడి ఉంటే, అది బహిరంగమయ్యే దాకా అమ్మనూ కొననూ వద్దు. ఆ మాట ఇంట్లోవాళ్లకు, స్నేహితులకు కూడా చేరవేయకండి. దాన్ని చూసుకుని చేసిన లావాదేవీ చిన్నదైనా ఉద్యోగం పోవచ్చు, కేసు కూడా పడొచ్చు. ఇప్పుడే తేదీలు వేసి అమ్మకాల ప్రణాళికను నిబంధనల అమలు చూసే కంపెనీ కంప్లయన్స్ విభాగానికి రాసి ఇచ్చే వీలుందేమో అడగండి. ఉంటే ఈ విషయంలో మీకు బెంగ ఉండదు, ఏ రోజు అమ్మాలా అని ధర చూస్తూ తర్జనభర్జన పడే పనీ ఉండదు.