మూత్రం తేటగా ఉందని వదిలేయకు

అమ్మలూ,

గుంటూరులో క్యాజువాలిటీ డ్యూటీ మొదలైందని మీ నాన్న చెప్పాడు. హైవే మీద బైకులు, తిరగబడ్డ ట్రాక్టర్లు, తాటిచెట్టు మీంచి పడ్డవాళ్లు, రాత్రంతా వస్తూనే ఉంటారు. పొట్టకో నడుముకో దెబ్బ తగిలిందంటే కిడ్నీ సంగతి కూడా చూసుకో.

మిర్చి సీజన్లో ఓ రాత్రి, మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఎక్కిస్తూ లారీ మీంచి పడ్డ కుర్రాణ్ణి తెచ్చారు. బీపీ బాగుంది. మూత్రం తేటగా ఉంది. ఎడమవైపు ఆఖరి పక్కటెముకల మీద అరచేయంత కమిలింది. అది చూసి కూడా, రక్తం పడలేదు కదా అని సీటీ పొద్దుటికి వాయిదా వేశాను. పొద్దున చూస్తే ఎడమ కిడ్నీకి రక్తమే అందడం లేదు. పడ్డ కుదుపుకి రక్తనాళం లోపొర చిట్లి, గడ్డకట్టి మూసుకుపోయింది. రాత్రే చూస్తే దక్కేదని చెప్పలేను. కానీ ఆ కాస్త అవకాశం పోగొట్టింది నేనే.

మూత్రం ఎర్రగా వస్తే సీటీ ఎలాగూ తీయిస్తావు. మైక్రోస్కోపులో మాత్రమే రక్తం కనిపించినా, పై బీపీ 90 కిందికి దిగి ఉంటే తీయించు. ఎత్తు నుంచి పడ్డా, నడుము పక్కన కమిలినా మూత్రం రంగుతో పని లేదు, తీయించాల్సిందే. అయితే బీపీ నిలవని మనిషిని సీటీ గదికి పంపకు. పిల్లలకు రక్తం చాలా పోయేదాకా బీపీ పడదు, దాన్ని నమ్మకు. స్కాన్‌లో స్పష్టంగా కనపడేందుకు నరంలోకి ఎక్కించే మందు, కాంట్రాస్ట్, ఇచ్చాక ఓ పది నిమిషాలాగి మళ్లీ ఫిల్ములు తీయించు. మూత్రం బయటికి కారుతోందో లేదో తెలిసేది అప్పుడే. దగ్గరే నిలబడు.

కిడ్నీ పగిలిందని కంగారుపడి కత్తి పట్టకు. బీపీ నిలకడగా ఉంటే నాలుగో గ్రేడు, అంటే బాగా తీవ్రమైన గాయాలు కూడా చాలావరకు వాటంతటవే మానతాయి. చుట్టూ ఉన్న పొరే రక్తాన్ని అదిమి ఆపుతుంది. తెరిస్తే ఆ పట్టు పోతుంది, చివరికి కిడ్నీనే తీసేయాల్సి రావచ్చు. మంచం దిగనివ్వకు, హిమోగ్లోబిన్ మళ్లీ మళ్లీ చూడు. పోసిన ప్రతిసారీ కొంచెం మూత్రం టెస్ట్‌ట్యూబులో పట్టి, టైము రాసి, స్టాండులో వరసగా పెట్టించు. ఎరుపు, టీ రంగు, తేనె రంగు... అలా లేతబడుతుంటే నీకూ ధైర్యం, పక్కన కూర్చున్న తల్లికీ ధైర్యం. రక్తం కారుతూనే ఉన్నా బీపీ నిలుస్తుంటే ఎంబోలైజేషన్‌కి, అంటే సన్నని గొట్టం పంపి రక్తం కారే నాళాన్ని లోపలినుంచే మూసేయడానికి, అడుగు. రక్తం ఎక్కిస్తున్నా నిలవకపోతే మాత్రం ఆపరేషన్ థియేటరే. కిడ్నీ తీసే ముందు రెండోది ఉందో లేదో చేత్తో తడిమి చూడమని మీ సార్‌కి గుర్తు చెయ్యి.

ఇంటికి పంపేటప్పుడు చీటీ మీద తెలుగులో రాసివ్వు: నొప్పి, జ్వరం, మళ్లీ ఎర్రగా వస్తే వెంటనే రావాలి, ఏడాదిపాటు బీపీ చూపించుకోవాలి. కిడ్నీని నొక్కే రక్తపు గడ్డ వల్ల నెలల తర్వాత కూడా బీపీ పెరగొచ్చు. చదువురాని వాళ్లయితే ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి పంపు.

మీ పెదనాన్న
విజయవాడ